‘నాకు గుర్తులేదు’ అనే హీరోని ఎలా చదవాలి: కథల గేముల్లో బ్లాకౌట్లు, బాధ్యత

సైలెంట్ హిల్ 2 గేమ్‌లో, బ్రూక్‌హేవెన్ ఆస్పత్రిలో ఒక చిన్న సంభాషణ ఉంది. మా ఆవిడ మేరీ నీకెలా తెలుసని గేమ్ హీరో జేమ్స్ ఒక చిన్నపిల్లని అడుగుతాడు. ఆ పిల్ల పేరు లారా. మేమిద్దరం ఫ్రెండ్స్, ఆస్పత్రిలో కలిశాం, పోయిన ఏడాది అని చెప్పేస్తుంది. వెంటనే జేమ్స్ ఆ పిల్ల మీద విరుచుకుపడి అబద్ధాలకోరు అంటాడు. అతని లెక్కలో మేరీ పోయి మూడేళ్లయింది మరి. నమ్మకపోతే మానెయ్ అని పిల్ల మూతి ముడుచుకుంటుంది. అక్కడితో ఆ మాట అయిపోతుంది, కథ ముందుకెళ్లిపోతుంది.

మొదటిసారి ఆడినప్పుడు నేను పూర్తిగా జేమ్స్ పక్షం. పిల్ల ఏదో కల్పించి చెబుతోందనుకున్నాను. సైలెంట్ హిల్ అనే ఆ ఊళ్లో ఎవరినీ నమ్మలేం కదా, జేమ్స్‌ని తప్ప. కంట్రోలర్ నా చేతిలో ఉంది, అతని టార్చి వెలుతురులోనే నాకు దారి కనిపిస్తోంది, అతనికి భయమేస్తే నాకూ భయమేస్తోంది. అలాంటి మనిషి నాకెందుకు అబద్ధం చెబుతాడు?

నమ్మదగని కథకుడు నవలలో ఉన్నదానికీ గేమ్‌లో ఉన్నదానికీ తేడా అక్కడే ఉంది. నవలలో అతని మాట వింటాం. గేమ్‌లో అతని కాళ్లతో నడుస్తాం. కాబట్టి అతని తప్పును తూచడానికి కాస్త వేరే పద్ధతి కావాలి. చాలా ఏళ్లుగా ఇలాంటి గేములు ఆడుతూ, ఒక్కొక్కటి రెండుమూడు సార్లు తిరగేస్తూ నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇక్కడ వరసగా చెబుతాను. ఉదాహరణ ఎక్కువగా సైలెంట్ హిల్ 2. కొనామి కోసం టీమ్ సైలెంట్ 2001లో తీసుకొచ్చింది. బ్లూబర్ టీమ్ చేసిన రీమేక్ 2024 అక్టోబరులో వచ్చింది. పోలిక కోసం హెవీ రెయిన్, అమ్నీషియా: ద డార్క్ డిసెంట్, డిస్కో ఎలీసియం కూడా వస్తాయి. నాలుగింటి ముగింపులూ, ముఖ్యమైన మలుపులూ చెప్పేస్తాను. ఇంకా ఆడనివాళ్లు ఇక్కడే ఆగి, ఆడాక మళ్లీ రండి. ఈ కథల్లో హత్య, హింస, ఆత్మహత్య ప్రస్తావనలు ఉన్నాయి, అది కూడా మనసులో పెట్టుకోండి.

మొదటి మెట్టు: మొదటిసారి నమ్మి ఆడండి

కొంతమంది మొదటి నిమిషం నుంచే డిటెక్టివ్ అవతారం ఎత్తుతారు. ఇతనే చేసుంటాడు చూడు అని పక్కవాళ్లకి చెప్పేస్తారు. అది కరెక్టే కావచ్చు. కానీ మోసపోయే అనుభవం పోతుంది, ఇక్కడ మనకు కావలసిన అసలు సాక్ష్యం ఆ అనుభవమే. ఎక్కడ నమ్మాను, ఎందుకు నమ్మాను, ఏ మాటకి జాలిపడ్డాను అన్నది రెండోసారి ఆడేటప్పుడు పక్కన ఉండాలి. అందుకని మొదటిసారి నోట్‌బుక్ వద్దు, యూట్యూబ్ వివరణలు అసలే వద్దు.

రెండో మెట్టు: ఆ మరుపు ఏ రకమో తేల్చండి

రెండో ఆటకి కూర్చునేటప్పుడు ముందు తేల్చుకోవలసింది ఇదే. ‘గుర్తులేదు’ అన్న ఒక్క మాట వెనక కనీసం మూడు వేరువేరు సంగతులు ఉంటాయి. వీటిని కలిపేస్తే తర్వాతి లెక్కంతా తప్పుతుంది.

ఒకటి, అసలు రికార్డే కాకపోవడం. మితిమీరి తాగినప్పుడు వచ్చే బ్లాకౌట్ ఇలాంటిది. మనిషి స్పృహ తప్పి పడిపోడు. నడుస్తాడు, మాట్లాడతాడు, గొడవ పడతాడు, బండి కూడా నడుపుతాడు. కానీ కొత్త జ్ఞాపకాల్ని భద్రపరిచే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ఆ సమయంలో సరిగా పనిచేయదు. పూర్తి బ్లాకౌట్ అయితే ఆ గంటలు ఎప్పటికీ తిరిగిరావు, ఎందుకంటే అవి లోపలికే వెళ్లలేదు. పాక్షికమైతే అక్కడక్కడా ముక్కలు మిగులుతాయి, ఎవరైనా గుర్తుచేస్తే ఇంకొన్ని తేలుతాయి.

రెండు, రికార్డయింది కానీ చేయి అందడం లేదు. తట్టుకోలేని దెబ్బ తగిలినప్పుడు మనసు ఒక గదికి తాళం వేసేస్తుంది. జేమ్స్‌ది ఇదే. ఆ తాళం ఒకరోజు తెరుచుకోవచ్చు. అంతవరకూ అతను ఆ తలుపు ముందు నుంచే తిరుగుతూ, అక్కడ గదే లేదన్నట్టు మాట్లాడతాడు.

మూడు, గుర్తుంది, చెప్పడం లేదు. ఇది మరుపు కాదు, మౌనం. గేముల్లో దీన్ని పట్టుకోవడం చాలా కష్టం. పాత్ర చెప్పకపోతే మనం మనకు తెలియకుండానే ఆ ఖాళీని మరుపుగా చదివేస్తాం.

2019లో వచ్చిన డిస్కో ఎలీసియంలో డిటెక్టివ్ హ్యారీ హోటల్ గదిలో నేలమీద కళ్లు తెరుస్తాడు. మూడు రోజులపాటు తాగి ఉన్నాడు. హోటల్ వెనక చెట్టుకి ఒక శవం వేలాడుతోంది. దాన్ని దించడానికే ఇతన్ని పంపారు, ఇతను దించలేదు. ఇంతవరకు తాగుడు బ్లాకౌట్ అనుకోవచ్చు. కానీ హ్యారీకి తన పేరు కూడా తెలియదు, తను ఉన్న ప్రపంచమే తెలియదు. తాగుడు ఆ రాత్రిని మింగుతుంది కానీ మనిషి పేరుని మింగదు. అంటే అక్కడ తాగుడు ఒక్కటే పనిచేయలేదు, తన జీవితాన్నే వదిలించుకోవాలన్న కోరిక దాని కింద ఉంది. గేమ్‌ని తప్పుపట్టడానికి చెబుతున్న మాట కాదిది. వైద్యం ఒప్పుకునేదానికీ కథ చూపించేదానికీ మధ్య ఎంత మిగిలిందో చూస్తే, పాత్ర మనసు మోస్తున్న బరువు అక్కడే దొరుకుతుంది.

మూడో మెట్టు: నోట్‌బుక్‌లో మూడు గడులు

కాగితాన్ని మూడు గడులు చేయండి. మొదటి గడిలో కథకుడు చెప్పినది. రెండో గడిలో వేరేవాళ్లు చెప్పినది. మూడో గడిలో ఎవరూ చెప్పకుండా కళ్లముందు ఉన్నది: గోడమీద రాత, గడియారం, బల్లమీద వస్తువు, శవం వేసుకున్న బట్టలు. తేదీలు, వయసులు, అంకెలు ఎక్కడ వినిపించినా తప్పకుండా రాసుకోండి. మనిషి తన భావాల గురించి తనకే తెలియకుండా అబద్ధం చెప్పగలడు, కూడికలు తీసివేతల్లో మాత్రం దొరికిపోతాడు.

లారా సంగతే తీసుకోండి. మొదటి గడిలో: మేరీ చనిపోయి మూడేళ్లు. రెండో గడిలో, ఆస్పత్రి దగ్గర: పోయిన ఏడాది కలిశాం. తర్వాత లేక్‌వ్యూ హోటల్లో లారా ఒక ఉత్తరం ఇస్తుంది. మేరీ లారాకి రాసినది. అందులో ఎనిమిదో పుట్టినరోజు శుభాకాంక్షలు ఉంటాయి. నీకెన్నేళ్లు అని జేమ్స్ అడుగుతాడు. పోయిన వారమే ఎనిమిది వచ్చాయి అంటుంది లారా. ఇక తీసివేత మీరే చేసుకోండి. మూడేళ్ల కిందట పోయిన మనిషి, పోయిన వారం వచ్చిన పుట్టినరోజుకి శుభాకాంక్షలు రాసిపెట్టిందంటే, మూడేళ్లన్న మాట నిలబడదు. మేరీ ఈమధ్య వరకు బతికే ఉంది. భూతం లేదు, నెత్తురు లేదు. ఒక పిల్ల వయసుతో కథ పునాది కూలిపోయింది.

మరి ఆ ‘మూడేళ్లు’ ఎక్కడినుంచి వచ్చింది? మేరీ మంచాన పడ్డ రోజునుంచే ఆమె పోయినట్టు జేమ్స్ మనసు లెక్కేసుకుందని చాలామంది ప్లేయర్లు చదువుతారు. నాకూ అదే సరిగ్గా తోస్తుంది. అయితే అది నా ఊహ కాబట్టి మూడు గడుల్లో దేనిలోనూ రాయను, పక్కన పెన్సిల్‌తో రాసుకుంటాను. ఊహనీ సాక్ష్యాన్నీ ఒకే ఇంకుతో రాయకండి.

మూడో గడిలోకి ఒకటి చెబుతాను. అపార్ట్‌మెంట్లలో టీవీ ముందు కుర్చీలో ఒక శవం కూర్చుని ఉంటుంది. పాత గేమ్‌లో దాన్ని నిదానంగా చూస్తే, అది జేమ్స్ శరీరాన్నే వాడి చేసినది. మొదటిసారి అందరూ గబగబా దాటిపోతారు.

సాక్షుల్లో ఎవరిని ఎక్కువ నమ్మాలి? దాచుకోవడానికి ఏమీ లేనివాళ్లని. ఆ ఊళ్లో పెద్దవాళ్లందరికీ ఏదో ఒక భారం ఉంది. ఏంజెలాకి తన తండ్రి సంగతి, ఎడ్డీకి కుక్క సంగతి, కాల్చిన మనిషి సంగతి. లారాకి ఏమీ లేదు. రాక్షసులు తిరిగే ఊళ్లో నీ ఒంటిమీద గీత కూడా పడలేదేంటని జేమ్స్ ఆశ్చర్యపోతే, ఎందుకు పడాలి అన్నట్టు చూస్తుంది. మనం భయపడ్డదంతా జేమ్స్ లోపలినుంచి వచ్చిందేమో అన్న అనుమానం అక్కడే మొదలవ్వాలి.

నాలుగో మెట్టు: క్రియ మీద చెవి పెట్టండి

ఇది మన తెలుగువాళ్లకి చేతిలో ఉన్న మంచి పనిముట్టు. చిన్నప్పుడు గ్లాసు చేయి జారితే ఇంట్లో ఏమనేవాళ్లం? ‘పగిలింది’ అనేవాళ్లం. అమ్మ మాత్రం ‘పగిలిందా, పగలగొట్టావా?’ అని అడిగేది. పగలడం, పగలగొట్టడం. పడిపోవడం, పడేయడం. చనిపోవడం, చంపడం. మొదటి మాటలో చేసినవాడు కనిపించడు, రెండోదాంట్లో కనిపిస్తాడు.

గేమ్ ఇంగ్లీషులో ఆడుతున్నా, జపనీస్‌లో ఆడుతున్నా, కథకుడు తన గతం గురించి చెప్పే ప్రతి ముఖ్యమైన వాక్యాన్నీ నోట్‌బుక్‌లో తెలుగులో రాయండి. తర్వాత దానికి కర్త ఎవరో అడగండి. ‘మేరీ జబ్బుతో చనిపోయింది’ అన్న వాక్యంలో జేమ్స్ ఎక్కడున్నాడు? ఎక్కడా లేడు. అలాగే ‘నాకు గుర్తులేదు’ అన్న వాక్యం చూడండి. మన వ్యాకరణంలోనే ‘నేను’ పక్కకి జరిగి ‘నాకు’ అయింది, ఆకలి వేసినట్టు, జ్వరం వచ్చినట్టు, మరుపు కూడా ఎక్కడినుంచో వచ్చి మీద పడింది. ‘నేను మర్చిపోయాను’ అంటే కొంచెం బాధ్యత తీసుకున్నట్టు. ‘నేను గుర్తు చేసుకోవడం లేదు’ అంటే ఇంకొంచెం ఎక్కువ. ఈ మూడింటిలో పాత్ర ఎక్కడ నిలబడిందో, కథ సాగేకొద్దీ ఎటు జరుగుతోందో గుర్తుపెట్టుకుంటూ రండి. జేమ్స్ నోట ‘చనిపోయింది’ పోయి ‘చంపాను’ వచ్చే చోటు ఒకటుంది. దాని దగ్గరికి ఆఖర్లో వద్దాం.

ఐదో మెట్టు: మీ జేబులో ఏముందో చూడండి

ఆట ఆపి సినిమాలా చూపించే కట్‌సీన్‌లు అందరూ చూస్తారు. ఇన్వెంటరీ, అంటే హీరో వెంట మోసే వస్తువుల జాబితా, ఎవరూ చూడరు. జేమ్స్ ఈ ఊరికి రావడానికి కారణం మేరీ నుంచి వచ్చిన ఉత్తరం. మొదట్లో దాన్ని తెరిస్తే ఆమె రాత కనిపిస్తుంది. కథ ముందుకు సాగేకొద్దీ ఆ కాగితం మీది అక్షరాలు మాయమైపోతాయి. చివరికి ఉత్తరమే ఉండదు. గేమ్ దీని గురించి ఎక్కడా గంట కొట్టి చెప్పదు, సంగీతం మారదు. మీరే వెళ్లి తెరిచి చూసుకోవాలి. రెండోసారి ఆడేటప్పుడు ప్రతి పెద్ద ఘట్టం తర్వాత ఒకసారి ఆ ఉత్తరం తెరవండి. ఏదైనా గేమ్‌లో కథకుడు మొదటినుంచీ వెంట మోస్తున్న వస్తువుకి ఇదే పద్ధతి.

ఇదే మెట్టులో ఇంకో సంగతి ఉంది, అది మీ గురించి. సైలెంట్ హిల్ 2లో ముగింపు ఏది వస్తుందో మెనూలో ఎంచుకోం, మనం ఆడిన తీరుని గేమ్ గమనిస్తూ ఉంటుంది. ఏంజెలా ఇచ్చిన కత్తిని మాటిమాటికీ తీసి చూస్తే, గాయాలతోనే మందు వేసుకోకుండా తిరిగితే, జేమ్స్ సరస్సులో మునిగే ముగింపు వైపు బరువు పెరుగుతుంది. మేరీ ఫొటో, ఉత్తరం చూస్తూ ఉంటే, దెబ్బ తగలగానే మందు వేసుకుంటే, ఆఖరి నడవాలో వినిపించే మాటలు చివరిదాకా నిలబడి వింటే, అతను లారాతో ఊరు వదిలివెళ్లే ముగింపు దగ్గరవుతుంది. ఆ ఊళ్లో ఎదురయ్యే, అచ్చం మేరీలా ఉండే మరియాని అంటిపెట్టుకుని తిరిగితే ఇంకోటి. అంటే జేమ్స్ తన తప్పుని ఎలా మోశాడన్న తీర్పులో మీ చేతి అలవాట్లు కూడా కలిశాయి. మీకు వచ్చిన ముగింపు పేరు రాసుకోండి, అది ఎందుకొచ్చిందో పక్కనే రాయండి. వాదనల్లో సగం గొడవలు ఇక్కడే తెగిపోతాయి: ఇద్దరు ప్లేయర్లు ఒకే జేమ్స్ గురించి మాట్లాడటం లేదు.

ఆరో మెట్టు: మరుపు ఎవరికి మేలు చేసింది?

ఈ ప్రశ్నకి మన దగ్గర చాలా పాత ఉదాహరణ ఉంది. మహాభారతంలో దుష్యంతుడు శకుంతలని మర్చిపోడు. నిండు సభలో ఆమె కొడుకుని వెంటబెట్టుకుని నిలబడితే, తెలిసి తెలిసీ నువ్వెవరో ఎరగనంటాడు. ఆకాశవాణి పలికాక, లోకం నమ్మాలనే అలా అన్నానని చెప్పుకుంటాడు. కాళిదాసు ఇదే కథని నాటకంగా రాస్తూ దుర్వాసుడి శాపం తెచ్చాడు, ఉంగరం తెచ్చాడు. ఇప్పుడు రాజు నిజంగానే మర్చిపోయాడు. తప్పు శాపం మీదికి వెళ్లిపోయింది, రాజు మన జాలికి అర్హుడయ్యాడు. పని అదే, ఆమె అనుభవించిన అవమానం అదే. మధ్యలో ఒక బ్లాకౌట్ పెట్టగానే మనం చూసే చూపు మారిపోయింది.

కాబట్టి గేమ్‌లో మరుపు కనిపించగానే ఈ కథలో శాపం పెట్టినదెవరు అని అడగండి. బయటివాళ్లు పెట్టారా, పాత్రే తెచ్చుకుందా, రచయిత తన హీరోని కాపాడుకోవడానికి పెట్టారా?

ఫ్రిక్షనల్ గేమ్స్ 2010లో విడుదల చేసిన అమ్నీషియాలో దీనికి సూటి జవాబు దొరుకుతుంది. కథ 1839 నాటిది. డేనియల్ బ్రెన్నెన్‌బర్గ్ కోటలో మెలకువలోకి వస్తాడు, ఏమీ గుర్తుండదు. తనకి తానే రాసుకున్న చీటీ ఒకటి దొరుకుతుంది. మరచిపోవాలని నేనే ఎంచుకున్నాను, ఈ కోట యజమాని అలెగ్జాండర్‌ని చంపు అన్నది దాని సారాంశం. డైరీ కాగితాలు ఒక్కొక్కటే దొరికేకొద్దీ తెలుస్తుంది. తనని వెంటాడే నీడనుంచి ప్రాణం కాపాడుకోవడానికి, అలెగ్జాండర్ మాట విని అతను బందీలని చిత్రహింసలు పెట్టాడు. ఆ తర్వాత మందు తాగి అంతా తుడిచేసుకున్నాడు. ఇక్కడ బ్లాకౌట్ నేరానికి సాకు కాదు, నేరం తర్వాత చేసిన ఇంకో పని. పైగా ఆ చీటీని గమనించండి: పాత డేనియల్ కొత్త డేనియల్‌కి తను చేసింది చెప్పలేదు, ఎవరిని చంపాలో మాత్రం చెప్పాడు. జ్ఞాపకాన్ని వదిలేసి కోపాన్ని మాత్రం దాచిపెట్టుకున్నాడు. ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు ఏ గేమ్‌లోనూ దొరకలేదు.

ఏడో మెట్టు: అనుమానాన్ని తిరగేసి చూడండి

బ్లాకౌట్ ఉంది కదా అని తప్పు ఉన్నట్టు కాదు. హెవీ రెయిన్ ఆడినవాళ్లకి ఈ దెబ్బ తగిలే ఉంటుంది. క్వాంటిక్ డ్రీమ్ 2010లో తెచ్చిన గేమ్ ఇది. ఈథన్ మార్స్ పెద్దకొడుకు ప్రమాదంలో పోతాడు. రెండేళ్ల తర్వాత చిన్నకొడుకుని ఒరిగామి కిల్లర్ ఎత్తుకుపోతాడు, చంపిన పిల్లల దగ్గర మడత కాగితపు బొమ్మ వదిలే హంతకుడు. ఈథన్‌కి మధ్యమధ్యలో స్పృహ తప్పుతుంది. మేలుకునేసరికి వానలో, నడివీధిలో, చేతిలో కాగితపు బొమ్మ. తనే హంతకుడినేమో అని అతనే భయపడతాడు. మనమూ భయపడతాం.

అసలు హంతకుడు స్కాట్ షెల్బీ. మనం గంటల తరబడి ఆడిన ప్రైవేట్ డిటెక్టివ్. అతనికి బ్లాకౌట్లు లేవు, అన్నీ గుర్తే. ఒక షాపులో హత్య జరిగిన ఆ కాసేపటిని గేమ్ మనకి చూపించదు, అంతే. మనం అది గమనించం కూడా. ఈథన్ దగ్గర ఖాళీని కెమెరా పట్టి పట్టి చూపించింది, షెల్బీ దగ్గర ఖాళీని కుట్టేసింది. రెండో మెట్టులో చెప్పిన మూడో రకం, మౌనం, ఇదే.

ఈథన్ చేతిలోకి ఆ బొమ్మలు ఎలా వచ్చాయన్నదానికి గేమ్ సరైన జవాబు ఇవ్వదు. దీన్ని లోతైన సంకేతంగా చదవాలని నేనూ ప్రయత్నించాను, కుదరలేదు. ప్లేయర్‌ని దారి తప్పించడానికి పెట్టి వదిలేసిన ముడి అది. కథలో లోపం ఉన్నచోట లోపం అనడానికి మొహమాటపడకండి.

అపరాధ భావం నేరానికి రుజువు కాదని ఈథన్ చూపిస్తాడు, అది లేకపోవడం అమాయకత్వానికి రుజువు కాదని జేమ్స్ చూపిస్తాడు. మా పెద్దమ్మ మంచాన పడ్డ మా పెదనాన్నని ఆరేళ్లు చూసుకుంది. ఆయన పోయిన నెలరోజుల గురించి అడిగితే, ఆ రోజులు నాకు సరిగ్గా గుర్తులేవురా అంటుంది. ఆమె చేసిన తప్పంటూ ఏదీ లేదు. అలసట కూడా మనిషి జ్ఞాపకాన్ని తినేస్తుంది. ఏ పాత్ర మీదైనా ‘మర్చిపోయాడు కాబట్టి చేసుంటాడు’ అని రాయబోయే ముందు నాకు ఆమె గుర్తొస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఖాళీకి ముందు, ఖాళీలో, ఖాళీ తర్వాత

ఇప్పుడు తూచే పని. చాలామంది ఆ చీకటి నిమిషాల్లో ఏం జరిగిందన్న దగ్గరే ఆగిపోతారు. నా ఉద్దేశంలో బాధ్యత ఎక్కువగా ఆ ఖాళీకి రెండు వైపులా ఉన్న అంచుల్లో ఉంటుంది.

చట్టం ఎలా ఆలోచిస్తుందో చూస్తే ఇది తేలికవుతుంది. ఈ కథలేవీ మన దేశంలో జరిగినవి కావు, వీటికి మన సెక్షన్లు వర్తించవు. ఆలోచించే తీరు కోసమే చెబుతున్నాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ మతిస్థిమితం లేనివాళ్ల గురించి. పని చేస్తున్న సమయంలో తను ఏం చేస్తున్నాడో, అది తప్పని తెలుసుకోగల స్థితిలో ఉన్నాడా అని చూస్తుంది. తర్వాత గుర్తుందా లేదా అన్నది అక్కడి ప్రశ్న కాదు. 23, 24 సెక్షన్లు మత్తు గురించి. తన ఇష్టం లేకుండానో తెలియకుండానో ఎవరైనా మత్తు ఎక్కించి, ఆ మత్తులో ఏం చేస్తున్నాడో తెలియని స్థితికి పోతే ఒక లెక్క. తనంతట తను తాగితే, తాగని మనిషికి ఉండే తెలివే అతనికీ ఉన్నట్టు లెక్క. అంటే హ్యారీ లాంటివాడి విషయంలో ప్రశ్న ఆ మూడు రోజుల్లోకి కాదు, మొదటి సీసా మూత తీసిన గంటకి వెళ్తుంది.

జేమ్స్‌కి ఈ మూడు భాగాలూ వేసి చూద్దాం. ముందు: మేరీ జబ్బు, ఏళ్ల తరబడి సేవ, ఆమె చిరాకు. ఆఖరి నడవాలో వినిపించే మాటలు పూర్తిగా వినండి. పువ్వులు తెచ్చిన మొగుణ్ణి పొమ్మని కసురుతుంది, తన రూపం గురించి తనే అసహ్యంగా మాట్లాడుతుంది, మళ్లీ వెళ్లకు, నా దగ్గరే ఉండు అని ఏడుస్తుంది. ఇంట్లో మంచంపట్టిన మనిషిని చూసుకున్న ఎవరికైనా ఆ గొంతు తెలుసు. ఆ క్షణం: దిండుతో ఊపిరాడకుండా చేశాడు. లేక్‌వ్యూ హోటల్ 312వ గదిలో అతను పెట్టుకుని చూసే వీడియో టేపులో అది ఉంది. ఏం చేస్తున్నాడో తెలియని స్థితి అనిపించే ఆనవాలు అందులో నాకు కనిపించలేదు. తర్వాత: మరుపు, ‘మూడేళ్లు’, నిజం చెప్పిన పిల్లని అబద్ధాలకోరు అనడం.

మా బాబాయి కొడుకుతో దీని మీద ఒక రాత్రంతా వాదన జరిగింది.

‘అన్నా, ఆమె బాధ చూళ్లేక చేశాడు కదా. దాన్ని హత్య అంటే ఎలా?’

‘ఆ మాట అతనే అన్నాడు. కానీ ఆ వెంటనే ఇంకోటి కూడా అన్నాడు, విన్నావా?’

‘తన బతుకు తనకి తిరిగి కావాలనుకున్నానని. అది కోపంలో అన్నది.’

‘మరి మొదటిది మాత్రం నిజంగా అన్నదా?’

వాడు మాట్లాడలేదు. నేను కూడా వాడిని ఓడించానని అనుకోలేదు, ఎందుకంటే ముగింపులో మేరీ ఇచ్చే జవాబు ఇద్దరిదీ కాదు. నీ బతుకు కోసమే చేసుంటే ఇంత దుఃఖం ఎందుకు నీ మొహంలో అని ఆమె అడుగుతుంది. జాలి నిజం, విసుగు నిజం, ద్వేషం నిజం. మూడూ ఒకే దిండు మీద ఒకే రెండు చేతులు. ఒకటి ఎంచుకుని మిగతావి కొట్టేయాలని చూస్తే, జేమ్స్ చేసిన పనే మనమూ చేసినట్టవుతుంది.

పెద్ద కత్తితో జేమ్స్‌ని వెంటాడే రాక్షసుడు పిరమిడ్ హెడ్‌ని కూడా ఇక్కడే తూచాలి. తనని శిక్షించేవాడు కావాలని తనే కోరుకున్నానని జేమ్స్ చివర్లో ఒప్పుకుంటాడు. మరుపు పైపైనే ఉంది, లోపల ఎవరో మొదటినుంచీ లెక్క రాస్తూనే ఉన్నారన్నమాట. ఇది అతనికి అనుకూలమా, వ్యతిరేకమా? నేను అనుకూలంగానే రాసుకున్నాను. పూర్తిగా తప్పించుకోవాలనుకున్నవాడు తన వెనక కత్తి పట్టుకున్నవాణ్ణి సృష్టించుకోడు.

మీ తీర్పు అర పేజీలో రాయండి. దాని కిందే, దాన్ని పడగొట్టగల బలమైన సాక్ష్యం ఒకటి మీరే రాయండి. అది దొరకకపోతే మూడు గడుల్లో ఏదో ఒకటి సరిగా నింపలేదని అర్థం, మళ్లీ వెళ్లి నింపండి.

ఆఖరి మెట్టు: రెండు సంభాషణలు పక్కపక్కన

ఆస్పత్రిలో లారాతో మాటల దగ్గర ఒక సేవ్, హోటల్లో 312వ గదికి ముందు ఒక సేవ్ ఉంచుకోండి. తీర్పు రాసేశాక ఆ రెండు సంభాషణలనీ వెంటవెంటనే చూడండి. ఆస్పత్రిలో లారా నిజం చెబుతుంది, జేమ్స్ అబద్ధం అని అరుస్తాడు. హోటల్ గదిలో టేపు అయిపోయాక, జేమ్స్ కుర్చీలో కూలబడి ఉన్నప్పుడు లారా లోపలికి వస్తుంది. మేరీ ఇక లేదు, చనిపోయింది అని చెబుతాడు. ఈసారి లారా అరుస్తుంది, అబద్ధం అని. కాసేపటికి తనే అడుగుతుంది, జబ్బు చేసి చనిపోయిందా అని. అవును అంటే చాలు. గేమ్ మొదలైనప్పటినుంచీ అతను అందరికీ చెబుతూ వచ్చింది అదే, ఆ పిల్ల కూడా నమ్మేస్తుంది.

కాదు, నేనే చంపాను అంటాడు.